రాతిని దొర్లించేదెవరు?

మన శాస్త్రాలు ఆశను పాశమన్నాయి. కోరికల వెంట పరుగెత్తించే ఆ ఆశను విడిచిపెట్టమని వేదాంతం బోధిస్తుంది. అయితే కష్టకాలంలో మనిషిని కూలిపోకుండా నిలిపేది మరొకటి ఉన్నది. దానికి తెలుగు బైబిలు వాడిన మాట ‘నిరీక్షణ’. ఈ పదానికి సంస్కృతంలో చూడడమని అర్థం. తెలుగులో ఎదురుచూడడమని అర్థం. ఇంకా కనబడని దానికోసం కన్నులు తెరచి ఉండడమే నిరీక్షణ. క్రైస్తవ సోదరులు ఈస్టర్ నాడు స్మరించుకునేది దీనినే. పొరుగింటి పండుగలోని అంతరార్థాన్ని తెలుసుకోవడం వల్ల మన ధర్మానికి కలిగే లోటేమీ లేదు.

ఆ ఉదయం

మార్కు సువార్త చెప్పే వృత్తాంతం క్లుప్తమైనది. శుక్రవారం నాడు యేసుక్రీస్తు సిలువపై ప్రాణం విడిచారు. ఆయన దేహాన్ని రాతిలో తొలిచిన సమాధిలో ఉంచి, ద్వారానికి పెద్ద రాయిని అడ్డంగా దొర్లించారు. మరునాడు యూదుల విశ్రాంతి దినం. ఆదివారం తెల్లవారగానే మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే సుగంధ ద్రవ్యాలు తీసుకొని సమాధివైపు బయలుదేరారు. దారిలో వారిని వేధించిన ప్రశ్న ఒక్కటే: ఆ రాతిని ఎవరు దొర్లిస్తారు?

వారు అద్భుతాన్ని ఆశించి వెళ్ళలేదు. గురువు దేహానికి చేయవలసిన పరిచర్య మిగిలి ఉన్నది గనుక వెళ్ళారు. రాతిని కదిలించే బలం తమకు లేదని తెలిసినా ఇంటివద్ద కూర్చోలేదు. తీరా చేరేసరికి, రాయి అప్పటికే తొలగి ఉన్నది.

చెట్టుమీది హనుమ

ఈ ఘట్టాన్ని తలచినప్పుడు సుందరకాండ గుర్తుకు రాకమానదు. అశోకవనంలో రావణుని బెదిరింపులు విని, రాక్షస స్త్రీల మాటలకు వేగి, సీతమ్మ ప్రాణత్యాగానికి సిద్ధపడింది. అప్పటికే హనుమంతుడు శింశుపా వృక్షంపై కూర్చుని ఉన్నాడు. తల్లికి ఆ సంగతి తెలియదు. సహాయం రాలేదనుకున్న క్షణంలో అది తలపైన కొమ్మల్లోనే ఉన్నది! అంతలో శుభశకునాలు తోచాయి. ఆపై రామకథ వినిపించింది. కష్టం వచ్చిన ఇంట సుందరకాండ పారాయణ చేయమని పెద్దలు చెప్పడంలోని మర్మం ఇదే కాబోలు.

రెండు మతాల సిద్ధాంతాలు ఒకటేనని చెప్పడం నా ఉద్దేశం కాదు. మనం ఆత్మ నిత్యమని, దేహాలు మారుతాయని నమ్ముతాము. క్రైస్తవులు క్రీస్తు పునరుత్థానాన్ని చరిత్రలో ఒక్కసారి జరిగిన సంఘటనగా విశ్వసిస్తారు. మార్గాలు వేరు. కానీ చీకటిలో అడుగు వేయవలసిన అవసరం అందరికీ ఒక్కటే.

మూతపడిన తలుపులు

2020 వసంతంలో ఆ అవసరం లోకమంతటికీ వచ్చింది. మార్చి 20 నుంచి తిరుమలలో భక్తుల దర్శనం నిలిచిపోయింది. స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తజనం లేకుండానే జరిగింది. పది రోజుల తరువాత, ఏప్రిల్ 12న, వాటికన్ నగరంలోని సెయింట్ పీటర్స్ బసిలికాలో నాటి పోప్ ఫ్రాన్సిస్ దాదాపు శూన్యమైన మందిరంలో ఈస్టర్ ఆరాధన జరిపారు. తలుపులు మూసిన ఆలయంలో సుప్రభాతం చదువుతుంటే ఆ రోజుల్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. వినేవారు లేరని పూజ మానలేదు. రాతి ముందుకు నడవడమంటే ఏమిటో నాకు అప్పుడు బోధపడింది.

వెలిగే సమాధులు

అయితే అన్ని రాళ్ళూ తొలగవు. ఆ మహమ్మారిలో కన్నవారి కడసారి చూపునకు నోచుకోనివారు, అంత్యక్రియలు తమ చేతులతో చేయలేకపోయినవారు మన మధ్యనే ఉన్నారు. వారికి ఏ మాట ఊరటనిస్తుంది?

తెలుగునాట ఈస్టర్ నాడు తెల్లవారకముందే క్రైస్తవ కుటుంబాలు శ్మశానవాటికలకు వెళతాయి. సమాధులను శుభ్రపరచి, పూలు ఉంచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఆ సమాధులు తెరచుకోవు. అయినా ఆ చీకటిలో వరుసగా దీపాలు వెలుగుతాయి. మనం ఆబ్దికం నాడు పెద్దలకు పిండం పెట్టి, తిలోదకాలు విడిచేటప్పుడు కూడా చేసేది ఇదే కదా! పోయినవారితో మన బంధం తెగిపోలేదని చేతలతో చెప్పడమే.

కనుక మనసు కుంగిన ఇంట ఉదయాన్నే లేచి దీపం పెట్టండి. ఆకలిగొన్నవానికి ముద్ద పెట్టండి. దుఃఖంలో ఉన్న పొరుగువారి గడప తొక్కండి. ఆ పొరుగువారు ఏ మతస్థులైనా సరే. రాతిని ఎవరు దొర్లిస్తారన్న ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాతనే బయలుదేరాలనుకుంటే, ఆ ముగ్గురు స్త్రీలు ఇల్లు కదిలేవారే కారు. మన వంతు నడవడం. తక్కినది భగవంతుని వంతు.