దారి ఆగింది... ఊరు పిలిచింది!

చెన్నై వెళ్లే కారులో కూర్చుంటే నెల్లూరు అంటే మనకేం గుర్తొస్తుంది? ఓ బైపాస్, టోల్‌గేట్లు, దారి పక్కన ఓ టీ కొట్టు. అంతే! మరి ఏ వానకో వరదకో ఆ దారి ఆగిపోతే? ఆ ఒకటి రెండు రోజులూ కారులో కూర్చుని విసుక్కోవచ్చు. లేదంటే అద్దం దించి అటూ ఇటూ చూడొచ్చు. అటు సముద్రం... ఇటు కొండలు... మధ్యలో మనం ఎన్నడూ బండి ఆపని ఊళ్లు!

2021 నవంబరు 19. ఎడతెరిపి లేని వానలకు కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ ఒడ్డున ఎన్నో ప్రాణాలను బలి తీసుకున్న వరద పెన్నలో కలిసి, సోమశిల దాటి నెల్లూరు మీదికి దూసుకొచ్చింది. మర్నాటికి కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి కోతకు గురైంది. పక్కనే రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. రోడ్డూ లేదు, రైలూ లేదు. అటు లారీలు, ఇటు బస్సులు, మధ్యలో పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ బయల్దేరిన కార్లు... ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

అదేమీ మొదటిసారి కాదు. 2015 నవంబరు వానల్లోనూ జిల్లాలో ఇదే హైవే మీదికి నీళ్లొచ్చాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను అంతకు ముందే నెల్లూరు తీరాన్ని కుదిపేసింది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు వాన తెచ్చేది నైరుతి. నెల్లూరుకు మాత్రం అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఏడాది వర్షంలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. అందుకే ఆ మూడు నెలల్లో ఈ దారిన వెళ్లేవాళ్లు ఒకటి అనుకునే బయల్దేరాలి... ఆగాల్సి రావచ్చు!

తమాషా ఏంటంటే మన దారిని ఆపేసే ఆ వానే ఇక్కడి చెరువులు నింపుతుంది. పక్షుల్ని పిలుస్తుంది. కొండల మీంచి జలపాతాలై దూకుతుంది. అంటే మన ప్రయాణం ఆగిన సమయమే ఈ నేల అందంగా ఉండే సమయం. అయితే ఆ అందాన్ని చూడటానికి ఓ వరస ఉంది. అది నీరు చెప్పే వరస. దాన్ని కాదంటే ప్రాణాల మీదికొస్తుంది.

ఎడమన కడలి... కుడిన కొండ

నెల్లూరు సీమ రూపురేఖలు అర్థం చేసుకోవడం చాలా తేలిక. కావలి నుంచి తడ వరకూ హైవే దాదాపు నిటారుగా దక్షిణానికి సాగుతుంది. చెన్నై వైపు వెళుతుంటే ఎడమ చేతి వైపు బంగాళాఖాతం, దానికి సమాంతరంగా తెల్లవాళ్ల కాలంలో పడవలు తిరిగిన బకింగ్‌హాం కాలువ. కుడి చేతి వైపు దూరంగా నీలంగా కనిపించేవి వెలిగొండలు. అటు కడపకూ ఇటు నెల్లూరుకూ అడ్డుగోడలా నిలబడ్డ తూర్పు కనుమల వరస అది. కొండ మీద కురిసిన ప్రతి చుక్కా సముద్రాన్ని చేరాలంటే మనం వెళ్లే రోడ్డును దాటాల్సిందే. వాన గట్టిగా పడితే దారి ఎందుకు మునుగుతుందో ఇప్పుడు అర్థమైందిగా!

2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, నాయుడుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలో కలిశాయి. కాగితం మీద గీతలు మారినా ఆ ఊళ్ల మాట, చేపల పులుసు రుచి మాత్రం నెల్లూరువే.

మొదటి రోజు... ఊళ్లోనే!

వాన ఇంకా పడుతోంది. వాగులు పొంగుతున్నాయి. ఆ రోజు కొండ వైపు కన్నెత్తి కూడా చూడొద్దు. సముద్రం జోలికీ పోవద్దు. వసతి దొరికిన ఊళ్లోనే ఉండిపోవాలి. ఆ ఊరు నెల్లూరైతే పొద్దున కారం దోసెతో మొదలుపెట్టొచ్చు. ఎర్ర కారం పూసి పెనం మీదే కాల్చిన దోసె... వాన చలికి దాన్ని మించిన మందు లేదు. మధ్యాహ్నం చేపల పులుసు. మామిడికాయ ముక్కలు వేసి వండే ఆ పులుసు వండిన రోజు కన్నా మర్నాడే రుచి అంటారు ఇక్కడి ఆడవాళ్లు. ఇంటికి పట్టుకెళ్లడానికి మలై కాజా ఉండనే ఉంది.

కాస్త తెరిపిస్తే పెన్న ఒడ్డున రంగనాథస్వామి ఆలయం. నగరానికి దగ్గర్లోనే పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడుంది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యల పూనికతో వెలిసిందది. పాఠ్యపుస్తకంలో గాంధీజీని చదువుకున్న పిల్లలకు ‘ఆయన ఇక్కడికొచ్చారు’ అని చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ దారిలో లేదు. అయితే ఆశ్రమం నది ఒడ్డునే ఉంది. పెన్న ఉరకలేస్తున్నప్పుడు మాత్రం వెళ్లొద్దు.

గూడూరులో ఆగారా? అది నిమ్మకాయల ఊరు. ఇక్కడి మార్కెట్ నుంచి దేశంలోని దూర ప్రాంతాలకు నిమ్మకాయలు లారీల్లో వెళతాయి. రోడ్డు ఆగిందంటే మనకు చిరాకు మాత్రమే. బస్తాలకెత్తిన కాయ పాడైతే రైతుకది నష్టం. టీ కొట్టు దగ్గర నిల్చుంటే ఆ మాటలే వినిపిస్తాయి. మనతో పాటు ఇంకెవరెవరు ఆగిపోయారో తెలుస్తుంది.

మగ్గం చప్పుడు వినాలంటే...

గూడూరు నుంచి పడమరకు మళ్లితే వెంకటగిరి. వెలుగోటి రాజుల సంస్థానం. చీర పేరు చెప్పగానే గుర్తొచ్చే ఊరు. సన్నటి నూలు, జరీ అంచు, కొంగు మీద జాందానీ పనితనం... రాజుల ఆదరణలో పెరిగిన ఆ నేతకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేతగాళ్ల వీధిలో నడిస్తే ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. వాన రోజుల్లో మాత్రం ఆ చప్పుడు తగ్గుతుంది. గుంట మగ్గాల్లోకి చెమ్మ చేరితే నేత సాగదు. నూలు తేమ పట్టినా కష్టమే. బండి ఆగి మనకు రెండు రోజులు పోతే, మగ్గం ఆగి వాళ్లకు కూలి పోతుంది. అలాంటప్పుడు ఓ చీర నేసిన ఇంటి దగ్గరే కొంటే అది షాపింగ్ మాత్రమే కాదు.

కావలి దగ్గర ఆగితే కుడి వైపు లోపలికి ఉదయగిరి. మూడు వేల అడుగుల కొండ మీద దుర్గం. గజపతుల చేతుల్లో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. కోట లొంగేసరికి 1514 వచ్చింది! అంతటి రాయలే అన్ని నెలలు కొండ కింద ఆగాల్సొచ్చింది. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహం కోసమే హంపీలో కృష్ణాలయం కట్టించాడు. ఇప్పుడు కొండ కింది ఊళ్లో చెక్క చెంచాలు చేసే ఇళ్లున్నాయి. చుట్టుపక్కల అడవుల్లో దొరికే నార్ది, దేవదారి లాంటి కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. పిడి మీద సన్నటి చెక్కుడు చూస్తే చేత్తో చేశారంటే నమ్మబుద్ధి కాదు.

రెండో రోజు... రెక్కల చుట్టాలు

వాన వెలిసింది. ఎండ పొడ కనిపించింది. ఇక తూర్పుకు తిరగొచ్చు. నెల్లూరు నుంచి 25 కిలోమీటర్లు వెళితే మైపాడు బీచ్. తుపాను హెచ్చరిక ఉపసంహరించాకే వెళ్లాలి. వెళ్లినా ఒడ్డునే నిలబడాలి.

పిల్లలుంటే మాత్రం మొదటి ఓటు నేలపట్టుకే. నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ మధ్య, దొరవారిసత్రం దగ్గర హైవేకి కూతవేటు దూరంలో ఉందీ పక్షుల కేంద్రం. 1976లో అభయారణ్యంగా ప్రకటించారు. చెరువు నీళ్లలో మునిగి నిల్చున్న కడప చెట్ల మీద గూడబాతులు గుంపులుగా గూళ్లు కడతాయి. చెరువు నిండితేనే అవి గుడ్లు పెట్టడానికి మొగ్గు చూపుతాయి. అంటే మన కారును ఆపిన వానే వాటికి పురుడు పోసే మంత్రసాని! పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు. అందుకే ఇక్కడి జనం వాటిని తరతరాలుగా చుట్టాల్లా చూసుకుంటారు. అలికిడి చేస్తే తల్లిపక్షి గూడు వదిలి లేస్తుంది. హారన్లు, కేకలు లేకుండా చూడటమే మనం ఇచ్చే చదివింపు.

ఇంకాస్త దక్షిణంగా సూళ్లూరుపేట. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి. పగలూ రాత్రీ తలుపులు మూయని ఆలయంగా ప్రసిద్ధి. అక్కణ్నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. ఒడిశాలోని చిలకా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. శీతాకాలంలో ఫ్లెమింగోలు గులాబీ రంగు గీతలా బారులు తీరతాయి. 2001 నుంచి వాటి పేరుతో పండగే జరుపుతున్నారు. సరస్సు అవతల సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం. 1971లో చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన కేంద్రం అది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే రాకెట్ ప్రయోగాన్ని చూసేందుకు 2019 నుంచి గ్యాలరీ కూడా ఉంది.

ఈ తీరంలోనే వాకాడు వైపు దుగరాజపట్నం ఉంది. చెన్నపట్నం ఇంకా పుట్టకముందు, 1620ల్లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఆర్మగాం పేరుతో కోట కట్టుకుని వ్యాపారం చేసింది ఇక్కడే. ఆ తర్వాతే, 1639లో, వాళ్ల చూపు మద్రాసు మీద పడింది.

నీళ్లు తేటపడ్డాక... కొండకు!

వాన నిలిచి, వాగుల్లో ఎర్రనీరు పోయి తేటనీరు వచ్చాకే జలపాతాల మాట. రాపూరు వైపు వెళితే వెలిగొండల ఒడిలో పెంచలకోన. నెల్లూరు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. పెనుశిల లక్ష్మీనరసింహస్వామి కొలువైన క్షేత్రం. గుడి వెనక అడవిలోంచి దూకే నీళ్లు వానల తర్వాత మంచి జోరు మీదుంటాయి. అదే దారిలో కండలేరు జలాశయం. 68 టీఎంసీల నీళ్లు పట్టే ఈ జలాశయం నుంచే తెలుగుగంగ కాలువ 177 కిలోమీటర్లు ప్రయాణించి చెన్నై దాహం తీర్చే పూండికి చేరుతుంది. మనం చేరలేకపోయిన చెన్నైకి నీళ్లు మాత్రం ఇక్కణ్నుంచి వెళుతుంటాయన్నమాట!

ఉదయగిరి వైపు ఉన్నవాళ్లు జిల్లా సరిహద్దు దాటి భైరవకోన చూడొచ్చు. ఒకే కొండను తొలిచి చెక్కిన ఎనిమిది శివాలయాలు. వాటి పక్కనే దాదాపు 200 అడుగుల ఎత్తు నుంచి జారే జలపాతం. కార్తిక పౌర్ణమి రాత్రి వెన్నెల ఇక్కడి అమ్మవారి మీద పడుతుందని భక్తుల మాట.

తడ దగ్గర ఆగిన వాళ్లకు ఉబ్బలమడుగు. చెన్నై కుర్రాళ్లు ‘తడ ఫాల్స్’ అని పిలుచుకునేది దీన్నే. వరదయ్యపాళెం మీదుగా అడవి అంచుకు చేరి, అక్కణ్నుంచి రాళ్లూ వాగులూ దాటుతూ నడవాలి. చెట్ల నీడలో గాజులాంటి నీటి మడుగులు... చూడగానే దూకాలనిపిస్తుంది. అసలు ప్రమాదమూ అక్కడే!

మడుగు మాట వినండి

పైకి మోకాలి లోతు అనిపించే మడుగు అడుగున రాతి గుంతలుంటాయి. పాచి పట్టిన బండ మీద కాలు జారితే ఈత వచ్చినవాళ్లూ తేలలేరు. ఉబ్బలమడుగులో సరదాగా దిగి తిరిగిరాని యువకుల వార్తలు దాదాపు ఏటా మన పేపర్లోనే చదువుతున్నాం. అందుకే ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు ఈ జాగ్రత్తలు తప్పవు.

• ముందుగా అటవీ సిబ్బందిని అడగండి. వానల్లో దారి మూసేస్తుంటారు. మూస్తే తిరిగి రండి. వేరే దారులు వెతకొద్దు.

• మనమున్న చోట ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతుండొచ్చు. తేటనీరు ఒక్కసారిగా మట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కాలి. వాగుకు అవతలి ఒడ్డున ఉండిపోకూడదు.

• చప్టా మీద నీరు పారుతుంటే బండి దించొద్దు. అర అడుగు ప్రవాహం మనిషిని పడేస్తుంది. అడుగు నీరు చిన్న కారును తేలుస్తుంది. రెండడుగులైతే జీపులాంటి బండినీ లాక్కుపోతుంది.

• మధ్యాహ్నం మూడు దాటితే కొండ దిగడం మొదలుపెట్టాలి. కోనలో పొద్దు ముందే గుంకుతుంది. ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎక్కడికి వెళుతున్నారో బస చేసిన చోట చెప్పి వెళ్లాలి.

• మద్యం, ప్లాస్టిక్... రెండూ కొండ కింద కూడా వద్దు.

• మందులు వాడే పెద్దవాళ్లుంటే రెండు రోజులకు అదనంగా పెట్టుకోవాలి. పసిపిల్లల పాలు, టార్చిలైటు, కొంత చిల్లర కూడా. కరెంటు పోతే ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు.

ఆగితేనే ఊరు

ఒకప్పుడు ఈ ట్రంకు రోడ్డు ఊళ్ల మధ్యలోంచి వెళ్లేది. బస్సు ఆగేది. కిటికీ దగ్గరికి వేరుసెనగలు, జామకాయలు వచ్చేవి. ఊరి పేరు బోర్డు చదివే తీరిక ఉండేది. ఇప్పుడు నాలుగు వరసల దారి ఊళ్లను పక్కకు నెట్టి పరుగెడుతోంది. ప్రయాణం తగ్గింది, ప్రమాదాల భయం కొంత తగ్గింది. మంచిదే. కానీ దారిని నమ్ముకున్న చిన్న హోటళ్లు, కొట్లు దారికి దూరమయ్యాయి. వరద ఆపిన రోజున వాళ్లే మనకు వేడి అన్నం పెట్టేది. ‘రోడ్డు ఇంకా తీయలేదంట అబ్బయా, కూర్చోండి’ అంటూ బల్ల చూపించేది.

రోడ్డు తెగడం ఎవరూ కోరుకోరు. దాని వెనక మునిగిన పొలాలుంటాయి, కూలిన ఇళ్లుంటాయి. కాబట్టి వానే ఆపాలని చూడటం ఎందుకు? ఈసారి చెన్నైకో తిరుపతికో బయల్దేరేటప్పుడు ఓ పూట ఎక్కువ పెట్టుకుంటే సరి. డిసెంబరు చివర్లోనో జనవరిలోనో అయితే మరీ మంచిది. అప్పటికి వాగులు తేటపడతాయి. గూడబాతుల గూళ్లలో పిల్లలుంటాయి. వెంకటగిరి మగ్గాలు మళ్లీ ఆడుతుంటాయి. బైపాస్ దగ్గర ఎడమకో కుడికో ఓ మలుపు... అంతే ఖర్చు!