బెనిన్ ఇత్తడి తల... ఉషేగాం మైనం దారం

ఎడిటర్‌గారు అప్పగించిన పని చిన్నదే. విదేశాల్లో చదివే మన పిల్లలు విద్యాయాత్రల్లో భాగంగా ఆఫ్రికా కళ, సంస్కృతి చదువుతున్నారు కదా, దానికీ ఉత్తర తెలంగాణకూ ఏమైనా లంకె ఉందేమో చూడమన్నారు. శుక్రవారానికల్లా కథనం చేతికివ్వాలన్నారు. లంకె ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం ఉషేగాంలో, ఓజా కళాకారుల కొలిమి దగ్గర ఉంది.

వాళ్లు చేసేది డోక్రా పని. ముందు మట్టితో బొమ్మ లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. మైనంలో గుగ్గిలం కలిపి, సేమ్యాలా సన్నని దారాలు తీస్తారు. ఆ దారాలను ముద్ద చుట్టూ ఒక్కొక్కటిగా అతికిస్తూ పోతారు. ఏనుగు తొండం మీద గీతలు, అమ్మవారి మెడలో హారం, గజ్జె అంచు మెలిక అన్నీ మైనంతోనే వస్తాయి. పైన మళ్లీ మట్టి పూతలు. మొదటి పూత మట్టి ఎంత మెత్తగా ఉంటే, బొమ్మ మీద గీత అంత తేటగా పడుతుంది. కాల్చితే మైనం కరిగిపోతుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. కరిగిన ఇత్తడి ఆ ఖాళీలోకి దిగుతుంది. చల్లారాక అచ్చును పగలగొట్టాల్సిందే. ఒక అచ్చుకు ఒకే బొమ్మ. రెండోది కావాలంటే మళ్లీ మట్టి దగ్గరి నుంచి మొదలు.

ఇప్పుడు నైజీరియాలోని బెనిన్ నగరానికి వెళ్దాం. అక్కడి ఇగున్ వీధిలో పోతపనివాళ్లు తరతరాలుగా చేస్తున్నదీ ఈ పనే: లోపల మట్టి, మీద మైనం, దాని మీద మళ్లీ మట్టి, ఆపై నిప్పు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో మన విద్యార్థులు చూసే రాజుల తలలు, అంతఃపుర స్తంభాలకు తాపిన పలకలు ఈ పద్ధతిలో పోసినవే. ‘బెనిన్ కంచు బొమ్మలు’ అని పేరు పడింది గానీ వాటిలో చాలావరకు ఇత్తడివి. ఆ ఇత్తడి ఎక్కడిదో కూడా తేలింది. పోర్చుగీసు వర్తకులు బానిసలకూ మిరియాలకూ మారకంగా ‘మనిల్లా’ అనే కడియాలు ఇచ్చేవాళ్లు. వాటిలోని లోహం జర్మనీలోని రైన్ నదీ ప్రాంతానిదని 2023లో శాస్త్రవేత్తలు చెప్పారు. బెనిన్ పనివాళ్లు ఆ కడియాలను కరిగించి తమ రాజుల రూపాలు పోశారు. మన ఓజాలు పాత ఇత్తడి బిందెలు, గిన్నెల తుక్కు కరిగించి గోండుల దేవుళ్లకు రూపమిస్తారు. ఈ పోలిక తెలిశాక ఆ తలలను నేను చూసే తీరే మారింది.

చరిత్ర క్లుప్తంగా: 1897లో బ్రిటిష్ సేన బెనిన్‌ను తగలబెట్టి, వేల కళాఖండాలు దోచుకుపోయింది. అవి యూరప్ చేరాక అక్కడి పండితులకు ఒక పట్టాన నమ్మకం కుదరలేదు. ఆఫ్రికన్లకు ఇంత పనితనం పోర్చుగీసులో, ఈజిప్టువాళ్లో నేర్పి ఉంటారనుకున్నారు. నల్లటి చేతుల మీద ఆ అపనమ్మకం తలచుకుంటే నాకు ఇప్పటికీ మండిపోతుంది.

అయితే ఈ కథలో విద్యార్థులు చేసిన మంచి పనీ ఒకటుంది. కేంబ్రిడ్జ్‌లోని జీసస్ కాలేజీ భోజనశాలలో ‘ఒకుకోర్’ అనే ఇత్తడి పుంజు ఉండేది. రాజమాత పేరిట కట్టిన పూజావేదిక మీద ఉండాల్సిన పుంజు అది. 1905లో ఒక విద్యార్థి తండ్రి కాలేజీకి బహూకరించాడు. దాన్ని వెనక్కివ్వాలని 2016లో విద్యార్థి సంఘం తీర్మానించింది. 2021 అక్టోబరు 27న కాలేజీ ఆ పుంజును నైజీరియాకు అప్పగించింది. విద్యాయాత్ర అంటే ఇలా ఉండాలి. అద్దాల పెట్టె ముందు ఫొటో దిగి వచ్చే యాత్రల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

*
మార్లవాయికి వచ్చిన వియన్నా మానవశాస్త్రవేత్త

వియన్నాలో మానవశాస్త్రం చదివిన క్రిస్టాఫ్ హైమన్‌డార్ఫ్, రెండో ప్రపంచయుద్ధం మూలంగా హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో గోండు వీరుడు కుమురం భీం అమరుడయ్యాక, గోండుల గోడు ఆరా తీసే పని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి జైనూర్ మండలంలోని మార్లవాయిలోనే గుడిసె వేసుకుని గోండీ నేర్చుకున్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. బెట్టీ 1987లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది.

హైదరాబాద్‌లో ఆఫ్రికా

ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు ‘ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్’ నుంచి వచ్చింది. నిజాం కొలువులోని ఆఫ్రికా ఆశ్వికుల వారసులైన సిద్దీలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.
*

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి అంతకు ముందే, 2007లోనే వచ్చింది. గుర్తింపు వచ్చిందని సంబరపడితే చాలదు. మైనం, ఇత్తడి, బొగ్గు అన్నీ కొనాల్సినవే. ఒక్కో బొమ్మకు రోజులు పట్టే పనిలో ఇల్లు గడవకపోతే పిల్లలు కొలిమి వైపు రారు.

కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీల అధ్యాపకులకు ఒక్క మాట. పిల్లలు లండన్‌కో బెర్లిన్‌కో వెళ్తే సంతోషమే. అంతకంటే ముందు వాళ్లను ఓజాల ఊళ్లకు తీసుకెళ్లండి. ఉషేగాంలోనో కేస్లాగూడలోనో ఒక పూట కూర్చోబెట్టి మైనం దారం తీయించండి. వచ్చేటప్పుడు కళాకారుల చేతి నుంచే, వాళ్లు చెప్పిన ధరకే, తలా ఒక ఇత్తడి గంట కొనిపించండి.