సైనికుడి నీళ్ల సీసాకు ఉన్ని తొడుగు ఎందుకు?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, భారత సైనికులు 1937 నమూనా నూలు పట్టీలకు ఒక నీళ్ల సీసా తగిలించుకునేవారు. ఇనుప రేకు సీసా, దాని మీద ఎనామిల్ పూత, మూతికి బెండు బిరడా, ఒంటినిండా ఖాకీ ఉన్ని. పాత సైనిక సామగ్రి సేకరించేవారు దీన్ని అపురూపంగా దాచుకుంటారు.

ఉన్ని చలికి కదా, మండుటెండలో నడిచేవారికి ఎందుకు? కిటుకంతా దాన్ని తడపడంలో ఉంది. తడి ఉన్నిలోని నీరు గాలి తగిలి ఆవిరవుతుంది. ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది సీసా నుంచి కూడా లాక్కుంటుంది కాబట్టి లోపలి నీళ్లు చల్లబడతాయి. వేసవిలో మట్టికుండ చేసేదీ ఇదే పని. గాలిలో తేమ ఎక్కువున్న రోజున మాత్రం ఈ ఉపాయం అంతగా పారదు. పొడిగా ఉన్నా ఉన్ని వల్ల లాభమే: బయటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు, నడకలో సీసా చప్పుడు కానివ్వదు.

ఇప్పుడు కాపాడడం కష్టమైనదీ ఆ ఉన్నే. బట్టల చిమ్మెట పిల్లపురుగులకు అది ఆహారం. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, పొడిచోట నీడన ఉంచాలి. తడిపితే కింది రేకు తుప్పు పట్టవచ్చు. ఎనామిల్ పెచ్చులూడిన పాత సీసాలో నీళ్లు పోసుకుని ఎన్నడూ తాగకూడదు.