మొక్కజొన్న విస్కీ: బర్బన్‌ను అర్థం చేసుకోవడం

ఆహార పరిశ్రమల పాఠాలలో బర్బన్ విస్కీకి చోటు ఎందుకని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. మద్యం మీద మన ప్రాంతంలో జరిగిన చర్చ తక్కువేమీ కాదు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధ వివాదం మీదనే, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ కదలిక ఫలితంగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఇంత జరిగినా, సీసాలో ఉన్నదేమిటి, దాన్ని దేనితో చేశారు, లేబుల్ మీది మాటకు చట్టంలో అర్థమేమిటి అని అడిగేవారు మనలో అరుదు. ఈ ప్రశ్నలకు బర్బన్ మంచి ఉదాహరణ. దాని నిర్వచనం చాలా కచ్చితమైనది. ఈ పాఠం చదవడానికి తాగవలసిన అవసరం లేదని వేరే చెప్పనక్కరలేదు.

గింజ నుంచి తీపి, తీపి నుంచి మద్యం

తుళ్లూరు చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి, మిర్చి మీకు తెలిసిన పంటలే. కాలువల కింద వరి కోసిన పొలంలో దున్నకుండానే మొక్కజొన్న వేయడం కూడా గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులకు అలవాటే. ఆ గింజలలో చాలా భాగం కోళ్ల మేతకు పోతుంది. అమెరికాలో, ముఖ్యంగా కెంటకీ రాష్ట్రంలో, అదే జాతి పంట బర్బన్‌కు ముడిసరుకు. అమెరికా నిబంధనల ప్రకారం వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మిగిలినదానిలో రై అనే ధాన్యమో గోధుమో, దానితోపాటు కొంత మొలకెత్తించిన బార్లీ వేస్తారు. రై ఎక్కువైతే విస్కీలో మిరియాల ఘాటు తెలుస్తుంది. గోధుమ వేస్తే మెత్తగా ఉంటుంది.

మన తాటికల్లుతో పోల్చి చూడండి. తాటిచెట్టు నుంచి దిగే నీరాలో చక్కెర సిద్ధంగా ఉంటుంది. గాలిలోను, కుండలోను ఉన్న ఈస్టు కొన్ని గంటల్లోనే దాన్ని పులియబెడుతుంది. మొక్కజొన్నలో ఉన్నది పిండిపదార్థం, దాన్ని ఈస్టు నేరుగా వాడుకోలేదు. ముందు ఆ పిండిని చక్కెరగా విడగొట్టాలి. మొలకెత్తిన గింజలోని ఎంజైములు ఆ పని చేస్తాయి. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి మాల్ట్ చేసుకునే ఇళ్లలో ఈ తీపి సంగతి ఎవరికీ కొత్త కాదు. బర్బన్ తయారీలో మొక్కజొన్న పిండిని నీటితో ఉడికించి, కొంత చల్లారాక బార్లీ మాల్ట్ కలుపుతారు. మరీ వేడిగా ఉన్నప్పుడు కలిపితే ఎంజైములు చచ్చిపోతాయి.

చాలా బర్బన్ లేబుళ్ల మీద ‘సోర్ మాష్’ అని ఉంటుంది. కిందటి విడత బట్టీలో మిగిలిన పులుపు ద్రవాన్ని కొంత కొత్త విడతలో పోయడమే దాని అర్థం. దీన్ని పెరుగు తోడుతో పోల్చడం వాడుక. ఆ పోలిక సగమే నిజం. తోడులో బతికున్న సూక్ష్మజీవులు ఉంటాయి. బట్టీలో మరిగిన ద్రవంలో ఈస్టు బతికి ఉండదు. దాని పని పులుపును పెంచి, అక్కరలేని బ్యాక్టీరియాను అదుపులో పెట్టడం.

పులిసిన ద్రవాన్ని మరిగిస్తే, సుమారు 78 డిగ్రీల దగ్గర మరిగే ఆల్కహాలు నీటికన్నా ముందుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరిని చల్లార్చితే ఘాటైన, రంగులేని స్పిరిట్ వస్తుంది. బర్బన్‌కు ఇక్కడ ఒక హద్దు ఉంది. ఆల్కహాలు 80 శాతానికి మించేలా బట్టీ పట్టకూడదు. ఎంత శుద్ధిచేస్తే ధాన్యపు రుచి అంత పోతుంది.

కొత్త పీపా చేసే పని

నా దృష్టిలో బర్బన్ కథలో అసలు భాగం ఇదే. ఆ స్పిరిట్‌ను ఓక్ కర్రతో చేసి, లోపలి వైపు మంటతో మాడ్చిన కొత్త పీపాలలో పోస్తారు. పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతానికి మించకూడదు. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. వాటిలో చాలా పీపాలు స్కాట్లాండుకు వెళ్లి అక్కడి విస్కీని నిలవచేస్తాయి. కొత్త కుండలో పోసిన నీళ్లు మట్టివాసన వేస్తాయి, నెల గడిచాక ఆ వాసన ఉండదు. పీపా కూడా అంతే, తన దగ్గరున్న సారంలో ఎక్కువ భాగం మొదటి విడతకే ఇచ్చేస్తుంది.

కర్రను గట్టిగా నిలిపే లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిలా వాసననిచ్చే వనిలిన్‌ను ఇస్తుంది. కర్రలోని చక్కెరలు మాడి పాకం వాసననిస్తాయి. ఓక్‌లో సహజంగా ఉండే లాక్టోన్‌ల వల్ల కొబ్బరి ఛాయ వస్తుంది. మాడిన బొగ్గు పొర కొన్ని ఘాటు పదార్థాలను పీల్చుకుంటుంది. కెంటకీ వేసవి వేడికి ద్రవం కర్రలోకి ఇంకుతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. ఈ రాకపోకలలో కొంత ఆవిరైపోతుంది. ఆ పోయినదాన్ని దేవతల వాటా అంటారు. వేడి దేశాల్లో ఈ వాటా మరీ ఎక్కువ. మన దక్షిణాదిలో పీపాలో పదేళ్లు ఉంచితే, అడుగున మిగిలేది చూసి యజమాని దిగులుపడతాడు.

బర్బన్ రంగు పూర్తిగా పీపా నుంచి రావలసిందే. రంగు గాని, రుచి గాని బయటి నుంచి కలపకూడదు. ‘స్ట్రెయిట్’ అన్న మాట ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉందని అర్థం. ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అన్నది 1897 నాటి చట్టం నుంచి వచ్చింది. ఒకే బట్టీలో, ఒకే సీజనులో తయారై, ప్రభుత్వ పర్యవేక్షణలోని గిడ్డంగిలో నాలుగేళ్లు నిలిచి, సరిగ్గా 50 శాతం ఆల్కహాలుతో సీసాకెక్కాలి. విస్కీ పేరుతో పొగాకు రసం, రంగులు కలిపి అమ్మిన కాలంలో కొనేవాడికి కాస్త భరోసా ఇవ్వడానికి ఈ చట్టం పుట్టింది. 1964లో అమెరికా కాంగ్రెస్ బర్బన్‌ను తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా ప్రకటించింది.

మన దుకాణంలోని విస్కీ

మన దగ్గర చవకగా అమ్మే విస్కీలలో చాలావాటికి ఆధారం చెరకు మడ్డి నుంచి తీసిన, దాదాపు 96 శాతం దాకా శుద్ధిచేసిన స్పిరిట్. దానికి కొద్దిగా మాల్ట్ స్పిరిట్, క్యారమెల్ రంగు, రుచులు జతచేస్తారు. యూరప్ చట్టం దీన్ని విస్కీగా ఒప్పుకోదు. మడ్డి నుంచి చేసినంత మాత్రాన అది విషం కాదు, కాని అదే పేరుతో వేరే వస్తువు అమ్ముడవుతోందని కొనేవారికి తెలియాలి. బార్లీ మాల్ట్‌తోనే చేసే విస్కీలు కూడా మన దేశంలో ఉన్నాయి. బెంగళూరు అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో ముందుగా గ్లాస్గోలో విడుదల చేసింది. బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 2025 ఫిబ్రవరిలో 150 నుంచి 100 శాతానికి తగ్గించారు. అయినా అది ఖరీదైన సరుకే.

విషం సంగతి వేరు. కల్తీసారా మరణాలకు సాధారణంగా కారణం పరిశ్రమలలో వాడే మిథనాల్‌ను కలపడం. వాసన చూసి, రుచి చూసి దాన్ని పసిగట్టడం సాధ్యం కాదు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు కొన్ని గంటల తరవాత, ఒక్కోసారి మరునాడు గాని బయటపడవు. తాగినవారికి చూపు మసకబారినా, ఆయాసం వచ్చినా నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఏం తాగారో దాచకుండా చెప్పండి. సకాలంలో ఇస్తే దీనికి విరుగుడు మందులున్నాయి.

రుచి చూడడం, లెక్క చూడడం

బర్బన్‌ను ఇష్టపడేవారు దాన్ని గుక్కలో మింగరు. గ్లాసులో కొద్దిగా పోసి, పెదవులు కాస్త తెరిచి వాసన చూస్తారు. నాలుగు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూస్తారు. అప్పుడు వాసన మారుతుంది. ఐసు ఎక్కువైతే వాసనలు అణగిపోతాయి. మన వైపు మిర్చిబజ్జీ నంజుకోవడం రివాజు. రుచి చూడడానికి ఇంతకన్నా చెడ్డ జోడీ లేదు. నోటిలో వేడిని గుర్తించే ఒక గ్రాహకాన్ని మిరపలోని క్యాప్సైసిన్ రెచ్చగొడుతుంది. సుమారు 42 డిగ్రీల వద్ద స్పందించవలసిన ఆ గ్రాహకం, ఆల్కహాలు తగిలితే 34 డిగ్రీలకే స్పందిస్తుంది. అంటే ఒంటి వేడే మంటగా తోస్తుంది. రెండూ కలిస్తే వెనిలా, పాకం వాసనలు ఎక్కడ తెలుస్తాయి?

ఇక లెక్క. ఆల్కహాలు మిల్లీలీటరు బరువు 0.789 గ్రాములు. మన సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అలాంటి విస్కీ 60 మి.లీ.లో సుమారు 20 గ్రాములు, 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 61 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 5 శాతం బీరు 650 మి.లీ. సీసాలో దాదాపు 26 గ్రాములు. కాబట్టి ‘బీరే కదా’ అనే మాటకు లెక్కలో బలం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఈ విషయంలో ఖరీదైన బర్బన్‌కు, చవక విస్కీకి తేడా లేదు. పీపా రుచిని మారుస్తుంది గాని ఆల్కహాలును మార్చదు.

మీ అభ్యాసానికి

ఒక సీసా లేబుల్ మీద ‘స్ట్రెయిట్ బర్బన్, 50 శాతం’ అని, మరొక దానిమీద ‘విస్కీ, 42.8 శాతం’ అని ఉన్నాయి. మొదటి లేబుల్ మీకు కచ్చితంగా చెప్పే విషయాలు ఏవి? రెండవది చెప్పకుండా వదిలేసినవి ఏవి? ఒక్కొక్కదాని 90 మి.లీ.లో ఎన్ని గ్రాముల ఆల్కహాలు ఉంటుందో లెక్కగట్టండి.