వార్తల్లో పదం: వీసీఆర్

దృశ్యాన్నీ ధ్వనినీ అయస్కాంత టేపుపై నమోదు చేసి తిరిగి చూపే వీడియో క్యాసెట్ రికార్డర్ల తయారీని జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో నిలిపివేసినందున, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో పాత పెళ్లి క్యాసెట్లను కాపాడుకోదలచిన కుటుంబాలకు ఇప్పుడు వాడిన యంత్రమే ఆధారం. అది భారతీయ ప్రసారాలు అనుసరించిన పాల్ పద్ధతిలో, అంటే సెకనుకు 25 చిత్రాలను 625 గీతలతో చూపే విధానంలో, పనిచేసేదై ఉండాలి. అమెరికా నుంచి తెచ్చిన, అక్కడి ఎన్టీఎస్సీ పద్ధతిలో పనిచేసే యంత్రం సాధారణంగా ఈ టేపులను సరిగా చూపదు. టేపును చదివే హెడ్లు రెండున్నా మామూలు వేగానికి చాలును, నాలుగుంటే నిలిపిన చిత్రం స్పష్టంగా కనిపిస్తుంది. అయితే హెడ్ల సంఖ్యకన్నా అవి అరగకపోవడం, లోపలి రబ్బరు బెల్టులు సాగకపోవడం ఎంతో ముఖ్యం కనుక, పోయినా బాధలేని టేపుతో పరీక్షించాకే కొనాలి. బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా పెడితే మంచి యంత్రం హెడ్లు కూడా మూసుకుపోతాయి.