గంజాయి ప్యాకెట్‌పై ‘టెర్పీన్లు’ అని ఉంటుంది.. అవి మత్తును నిజంగా మారుస్తాయా?

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్లు గంజాయి కొనుక్కోవడం చట్టబద్ధం. అమెరికాలోనూ చాలా రాష్ట్రాలు లైసెన్సు దుకాణాలకు అనుమతిచ్చాయి. అక్కడి ప్యాకెట్లపై టీహెచ్‌సీ శాతంతో పాటు ‘మిర్సీన్’, ‘లిమోనీన్’ లాంటి పేర్లు కూడా చాలాసార్లు కనిపిస్తాయి. ‘ఇది నిద్ర పట్టిస్తుంది’, ‘అది హుషారునిస్తుంది’ అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. చదువు కోసమో, ఉద్యోగం కోసమో మీరు గానీ మీ పిల్లలు గానీ అక్కడ ఉంటే ఈ మాటలు ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడతాయి. వీటిలో నిజమెంత? ప్రచారమెంత?

టెర్పీన్లు అంటే ఏమిటి?

మొక్కలకు వాసననిచ్చే, తేలిగ్గా ఆవిరైపోయే పదార్థాలే టెర్పీన్లు. ఇవి గంజాయికే ప్రత్యేకం కాదు. మీ వంటింట్లోనూ ఉన్నాయి. నారింజ తొక్కను గిల్లితే గుప్పుమనేది లిమోనీన్. ధనియాల పరిమళంలో పెద్ద వాటా లినలూల్‌ది. మిరియాలు, లవంగాల్లో కేరియోఫిలీన్, నిమ్మగడ్డిలో మిర్సీన్, పైన్ చెట్ల జిగురులో పైనీన్ ఉంటాయి.

గంజాయి ఆడమొక్క పూత మీద సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగు చివరనున్న గ్రంథుల్లోనే టెర్పీన్లు, టీహెచ్‌సీకి మూలమైన పదార్థం తయారవుతాయి. రెండూ ఒకేచోట పుట్టినా పనులు వేరు. మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ, కానీ దానికి వాసన లేదు. వాసన, రుచి ఎక్కువగా టెర్పీన్ల వల్ల వస్తాయి. కాబట్టి ఘాటుగా ఉంటే బలమైనదని, పండ్ల వాసన వస్తే తేలికైనదని అనుకోవడం పొరపాటు.

ముక్కు మూసుకునేలా చేసే ఆ కంపు మాత్రం టెర్పీన్లది కాదు. అతి తక్కువ మోతాదులో ఉండే గంధక సమ్మేళనాలే దానికి కారణమని 2021లో అమెరికా పరిశోధకులు తేల్చారు.

మత్తును ఇవి మారుస్తాయా?

మొక్కలోని పదార్థాలన్నీ కలిసి పనిచేస్తాయన్న భావనను ‘ఆంటూరాజ్ ఎఫెక్ట్’ అంటారు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలం, ఆయన సహచరులు 1998లో ఈ మాట వాడారు. శరీరంలో సహజంగా ఉండే పదార్థాల గురించి వాళ్లు చెప్పిన మాటను తర్వాత మొక్కకూ అన్వయించారు. వ్యాపారులకు అది అమ్మకపు మంత్రమైంది.

ఆధారాలు అసలే లేవని కాదు. మనలోని సీబీ2 గ్రాహకానికి కేరియోఫిలీన్ నేరుగా అతుక్కుంటుందని 2008లో గుర్తించారు. అయితే మత్తుకు కారణమయ్యేది సీబీ1 గ్రాహకం. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో 20 మందికి టీహెచ్‌సీని, లిమోనీన్‌ను ఆవిరి రూపంలో కలిపి ఇచ్చారు. టీహెచ్‌సీ వల్ల కలిగే ఆందోళన కొంత తగ్గింది. మిగతా ప్రభావాలు దాదాపు అలాగే ఉన్నాయి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఆందోళన స్పష్టంగా తగ్గింది 30 మిల్లీగ్రాముల టీహెచ్‌సీకి 15 మిల్లీగ్రాముల లిమోనీన్ కలిపినప్పుడు. అంటే రెండింటికి ఒకటి. దుకాణంలో కొన్న పూతలో 20 శాతం టీహెచ్‌సీ, అర శాతం లిమోనీన్ ఉన్నాయనుకుందాం. అది నలభైకి ఒకటి! ప్రయోగంలో కనిపించిన ఫలితం ప్యాకెట్‌లోనూ వస్తుందని ఎలా నమ్ముతాం?

‘ఇండికా’, ‘సటైవా’ సంగతేంటి?

ఇండికా అయితే మగతనిస్తుందని, సటైవా అయితే ఉత్సాహమిస్తుందని అంటారు. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం 2021లో ‘నేచర్ ప్లాంట్స్’ పత్రికలో వచ్చింది. ఈ పేర్లకూ మొక్కల జన్యు బంధుత్వానికీ పెద్దగా పొంతన లేదని అందులో తేలింది. కొద్ది టెర్పీన్లతో మాత్రమే కొంత సంబంధం కనిపించింది. అంటే ఆ పేరు చాలావరకు వాసనను బట్టి పెట్టిందే.

వేప్ గొట్టాల్లో ఫ్లేవర్ కోసం టెర్పీన్లను విడిగా కలుపుతుంటారు. తినడానికి సురక్షితమైన పదార్థం ఊపిరితిత్తులకూ సురక్షితమని చెప్పలేం. 2019-20లో వేపింగ్ వల్ల అమెరికాలో 2,807 మంది ఆస్పత్రుల పాలయ్యారు లేదా మరణించారు. మరణాలు 68. టీహెచ్‌సీ నూనెలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌కు దీనితో బలమైన సంబంధం ఉన్నట్లు తేలింది.

చట్టం ఏం చెబుతోంది?

అమెరికాలో రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి నియంత్రిత పదార్థమే. వలస వ్యవహారాలు ఫెడరల్ చట్టం కిందే నడుస్తాయి. విద్యార్థి వీసా, హెచ్1బీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ‘ఇక్కడ చట్టబద్ధమే కదా’ అనుకుంటే చిక్కుల్లో పడొచ్చు. కెనడా సరిహద్దు దాటించి గంజాయిని తీసుకెళ్లడం, తీసుకురావడం నేరం.

భారత్‌లో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వర్తిస్తుంది. గంజాయి పూతను దగ్గర ఉంచుకోవడమే నేరం. చిన్న మొత్తానికి పరిమితి 1 కిలో. అంతకు లోపు దొరికినా ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. 20 కిలోల పరిమితి దాటితే వాణిజ్య మొత్తం. అప్పుడు శిక్ష 10 నుంచి 20 ఏళ్లు. సేవించినా ఆరు నెలల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. అక్కడ కొన్న గమ్మీలను, వేప్ నూనెలను బ్యాగులో పెట్టుకుని ఇంటికి రావడమూ ప్రమాదమే.

సాయం కావాలంటే?

అలవాటు నుంచి బయటపడాలనుకుంటే, లేదా ఇంట్లో ఎవరి గురించైనా ఆందోళన ఉంటే జాతీయ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు. ఇది టోల్ ఫ్రీ నంబర్. చిన్న మొత్తం కేసులో ఉన్న బాధితులు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళితే విచారణ నుంచి రక్షణ పొందే వీలును చట్టంలోని 64ఏ సెక్షన్ కల్పిస్తోంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ ఉండదు.