కొత్తరెడ్డిపాలెం సినగాగు లెక్కలు

జర్మనీలోని వర్మ్స్ నగరంలో యూదుల సమాజమందిరం మొదట లేచింది 1034లో. 1938 నవంబరులో నాజీలు తగలబెడితే, 1961లో మళ్లీ నిలబెట్టారు. మన కొచ్చిలోని పరదేశి సినగాగు 1568 నాటిది. తెలుగువాళ్ల సినగాగు చూడాలంటే మాత్రం గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం వెళ్లాలి. అది 1991లో వెలిసింది.

పెట్టింది యాకోబి సోదరులు షమూయేలు, సాదోకు. తండ్రి క్రైస్తవ బోధకుడు, కుటుంబం మాదిగలది. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని వీరి మాట. క్రీ.పూ. 722లో అష్షూరీయులు ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చినప్పుడు చెదిరిపోయిన 10 గోత్రాల్లో అదొకటి. దీనికి శాసనం లేదు, పాత దస్తావేజు లేదు. పెద్దకూర తినడం, శవాన్ని పూడ్చడం లాంటి మాదిగల ఆచారాల్లోనే పాత యూదు జాడలున్నాయని షమూయేలు వాదన. చరిత్రగా అది నిలవదని నా అభిప్రాయం. కానీ ఊరు తక్కువచేసి చూసిన ఆచారాలనే వంశగౌరవంగా చెప్పుకోవడంలోని పౌరుషం మాత్రం చిన్నది కాదు.

ఆ పౌరుషానికి ముందు కథ ఉంది. 1876-78 కరవు తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో బాప్టిస్టు మిషను ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వారిలో ఎక్కువమంది మాదిగలే. మతం మారింది, వాడ మారలేదు.

సంప్రదాయ యూదుల్లో సామూహిక ప్రార్థనకు వయసొచ్చిన మగవాళ్లు 10 మంది కావాలి. కొత్తరెడ్డిపాలెంలో సుమారు 40 కుటుంబాలు కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. కష్టమంతా సబ్బాతుతోనే. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా పని ముట్టకూడదు. అంటే ఏడాదికి 52 శనివారాలు. నెలజీతగాడికి అది సెలవు, పొలం కూలికి మాత్రం 52 రోజుల కూలి పోయినట్టే.

ఇంకో ఖర్చు కాగితం మీద. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులను ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద లెక్కిస్తారు. యూదుడినని రాయించుకున్నవాడికి ఎస్సీ హోదా వర్తించదు.

ఈశాన్య భారతంలో తామూ చెదిరిపోయిన గోత్రం వాళ్లమని చెప్పుకునే బ్నే మెనాషే సమూహాన్ని ఇజ్రాయెల్ ప్రధాన సెఫార్దీ రబ్బీ 2005లో ఆ సంతతిగా గుర్తించారు. ఎఫ్రాయిము సంతతికి అలాంటి గుర్తింపు దక్కలేదు.